నరానికి తగిన గొట్టం

విశాఖ మల్కాపురంలో నర్సుగా పనిచేసినదాన్ని. ఎవరొచ్చినా మొహం కంటే ముందు మోచేతి మడత చూస్తాను. షిప్‌యార్డు వెల్డర్లు, రిఫైనరీ ఫిట్టర్లు, సింధియా వైపు నుంచి వచ్చే కలాసీలు వయసులో ఉన్నప్పుడు ఒంట్లో నరాలన్నీ పైకి తేలే ఉంటాయి. రిటైరై, షుగరో కీమోనో మీదపడ్డాక అవే నరాలు ఎంత తట్టినా పైకి రావు. కాంట్రాస్ట్ సీటీ (నరంలోకి మందు ఎక్కించి తీసే స్కాను) అవసరం పడేది ఎక్కువగా ఆ వయసులోనే. లావు కాన్యులా (నరంలో పెట్టే గొట్టం) కావాల్సి వచ్చేదీ సన్నబడిపోయిన ఆ నరానికే. కాన్యులా చరిత్రలో సగం ఈ పేచీయే.

మాకు ముందు తరం సిస్టర్లు స్టీలు సూదులు మరగబెట్టి మళ్లీ మళ్లీ వాడారు. మొన మొద్దుబారితే సానపట్టేవారు. సూది నరంలోనే ఉండేది కాబట్టి చేతిని చెక్కకి కట్టేవారు. రోగి నిద్రలో చెయ్యి మడిస్తే నరానికి చిల్లుపడేది. 1950లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో డేవిడ్ మాసా అనే మత్తు డాక్టరు సూది మీద ప్లాస్టిక్ తొడుగు వేశాడు. సూది దారి చేసి బయటికొచ్చేస్తుంది, తొడుగు లోపల ఉండిపోతుంది. క్లినిక్ ఉన్న ఊరి పేరుతో దాన్ని రోచెస్టర్ సూది అన్నారు. తర్వాత టెఫ్లాన్, ఆపైన ఒంటి వేడికి మెత్తబడే పాలీయూరిథేన్ వచ్చాయి. రంగులూ స్థిరపడ్డాయి: 18 గేజి ఆకుపచ్చ, 20 పింకు, 22 నీలం, 24 పసుపు. నంబరు పెరిగేకొద్దీ గొట్టం సన్నం.

1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో ఇంజినీరు హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సీటీ యంత్రం మొదటి రోగి తలను స్కాన్ చేసింది. అప్పట్లో ఒక్కో స్కానుకి దాదాపు ఐదు నిమిషాలు. అంత నిదానమైన యంత్రానికి మందు చేత్తో ఎక్కించినా సరిపోయేది. 1989లో స్పైరల్ సీటీ, 1998లో ఒకేసారి 4 స్లైసులు తీసేవి, 2004కల్లా 64 స్లైసులవి వచ్చాయి. ఒక్కసారి ఊపిరి బిగబడితే గుండె స్కాను పూర్తయ్యే రోజులొచ్చాయి. ఆ కొద్ది సెకన్లలోనే ధమనుల్లో మందులోని అయోడిన్ నిండుగా ఉండాలి. కడుపు స్కానుకి సెకనుకి 2, 3 మిల్లీలీటర్లు చాలు. గుండె ధమనులకి 5, 6 కావాలి. అది చేతివల్ల కాదు, ఇంజెక్టరే తొయ్యాలి. యంత్రం జోరు పెరిగిన ప్రతిసారీ “గ్రీన్ వెయ్యండి సిస్టర్” అన్న మాట మామీద పడేది. నరం సంగతి అడిగినవాళ్లు లేరు.

ఆ మందు నీళ్లలా జారదు. అయొహెక్సాల్ 350 అనే కాంట్రాస్ట్ మందు గది వేడిలో ఎంత చిక్కగా ఉంటుందో, 37 డిగ్రీలకు వెచ్చబెడితే అందులో సగమే ఉంటుంది. ముందు వెచ్చబెట్టేది అందుకే. గొట్టం లెక్క 1840లలోనే ఫ్రెంచి వైద్యుడు పాయిజెల్ తేల్చాడు: లోపలి వ్యాసం సగమైతే ప్రవాహం పదహారో వంతుకి పడిపోతుంది. అదే జోరు కావాలంటే ఒత్తిడి పెంచాలి. అప్పుడు కొసనున్న ఒకే కన్నంలోంచి మందు చిమ్మి, గొట్టం ఎగిరి నరం గోడని తగులుతుంది. మందు కండలోకి పోతే చెయ్యి పొంగిపోతుంది.

ఇది ఓ రిటైరైన పైపు ఫిట్టరుకి చెప్పబోతే ఆయనే అందుకున్నాడు: “ఫైరు హోసు తన్నడం లాంటిదే కదా సిస్టరమ్మా! కొస వదిలేస్తే మనిషిని పడేస్తాది. పక్కన కన్నాలెట్టి సూడండి, తన్నదు.”

బీడీ (BD) అనే వైద్య పరికరాల కంపెనీ తన నెక్సీవా డిఫ్యూసిక్స్ కాన్యులాలో చేసిందదే. కొస దగ్గర పక్క కన్నాలు పెట్టారు. మందు పక్కలకీ చీలి బయటికొస్తుంది కాబట్టి గొట్టం అంతగా ఎగరదు. చదరపు అంగుళానికి 325 పౌండ్ల ఒత్తిడి వరకూ తట్టుకుంటుంది. జాన్స్ హాప్కిన్స్ వైద్యులు 205 మంది మీద మామూలు 18 గేజినీ పక్క కన్నాల 20 గేజినీ పోల్చి 2014లో ఫలితాలు వేశారు. మందు వేగంలోనూ, బృహద్ధమని బొమ్మలోనూ సన్న గొట్టం లావుదానికి తీసిపోలేదు. రోగి చేతిని యంత్రానికి సరిపెట్టే బదులు గొట్టాన్నే మార్చారు.

అలాగని ప్రతివాళ్లకీ ఇది అక్కర్లేదు, ఖరీదు కూడా ఎక్కువ. కడుపు స్కానుకి మామూలు పింకు చాలు. మడతలో మంచి నరం దొరికితే గుండె స్కానుకీ గ్రీనే చవక. నరం దొరకనివాళ్ల కోసం మాత్రం స్కాన్ గదిలో కొన్ని పక్క కన్నాలవి దాచుకోవాలి. ఏది వేసినా ప్యాకెట్టు మీద రాసిన వేగం, ఒత్తిడి దాటకుండా ఇంజెక్టరులో అంకె పెట్టాలి. ముందు సెలైన్ తోసి, మందు మొదలైన తొలి సెకన్లలో కాన్యులా పైన వేలుంచి చూడాలి. పొంగు వేలికి తగిలిన వెంటనే ఆపేయాలి.

మన స్టీలు ప్లాంటు వైపే 2018లో మెడ్‌టెక్ జోన్ మొదలైంది. అక్కడివాళ్లు ఇలాంటి గొట్టాన్ని పింకు ధరకి ఇవ్వగలిగితే, నరం దొరకలేదని స్కాను వాయిదా వేసే రోజులు తగ్గుతాయి.