ఐలమ్మ, పాసియొనారియా: శ్రామిక జీవితం - చరిత్ర రచన

ప్రజాపోరాటాల చరిత్రను మనం సాధారణంగా రెండు విధాల రాస్తున్నాం. ఒకటి తీర్మానాల చరిత్ర. రెండవది విగ్రహాల చరిత్ర. మొదటిదానిలో శ్రామికుడు 'ప్రజలు' అనే బహువచనంలో కలిసిపోతాడు. రెండవదానిలో చేత కొడవలి పట్టుకొని కూడలిలో నిలబడతాడు. ఈ రెంటి నడుమ జారిపోయేది అతని జీవితం. ఒక శ్రామికురాలు ఎర్రజెండా ఎందుకు పట్టింది, పట్టిన తరువాత ఆమె ఏమయింది అనే ప్రశ్నకు ఈ రెండు పద్ధతులూ జవాబు చెప్పలేవు.

స్పెయిన్ అంతర్యుద్ధం పేరు చెప్పగానే మనకు స్ఫురించే వ్యక్తి డొలొరెస్ ఇబారురి. 1895లో బాస్క్ ప్రాంతపు ఇనుపగనుల ఊరిలో, గని కార్మికుని ఇంట పుట్టింది. ఉపాధ్యాయురాలు కావాలనుకున్నది, పేదరికం కానివ్వలేదు. కుట్టుపని చేసింది, పరుల ఇండ్లలో దాసీపని చేసింది, గని కార్మికుణ్ణి పెండ్లాడింది. ఆరుగురు బిడ్డలను కని నలుగురిని పసితనంలోనే పోగొట్టుకున్నది. అయినా 1918లో కార్మిక పత్రికకు 'పాసియొనారియా' అనే మారుపేరుతో వ్యాసం రాయగలిగింది. 1936 ఫిబ్రవరిలో ఆస్తూరియాస్ గని ప్రాంతం ఆమెను పార్లమెంటుకు పంపింది. ఆ జూలైలో ఫాసిస్టు సైనికులు తిరగబడినప్పుడు రేడియోలో ఆమె ఇచ్చిన పిలుపు దేశదేశాల శ్రామికులకు నినాదమయింది. 1939లో రిపబ్లిక్ ఓడింది. ఆమె ప్రవాసం వెళ్లింది. కొడుకు రూబెన్ 1942లో స్టాలిన్‌గ్రాడ్ యుద్ధంలో మరణించాడు. 1977లో స్వదేశం చేరి, అదే ఆస్తూరియాస్ నుండి మళ్లీ ఎన్నికయింది.

ఇప్పుడు పాలకుర్తికి వద్దాం. చిట్యాల ఐలమ్మ చాకలి కులంలో పుట్టింది. ఆమె పుట్టిన సంవత్సరం కూడ 1895 అనే చెబుతారు. నిజాం రాజ్యంలో చాకలివారి శ్రమకు కూలి లేదు. దొర గడీకి వెట్టి చేయడమే వారికి విధించిన ధర్మం. 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభతో నాయకత్వం కమ్యూనిస్టుల చేతికి వచ్చింది. సభ్యత్వ రుసుము అణాకు దిగింది. మహాసభ 'సంగం' అనే పేరుతో పల్లె పల్లెకూ నడిచింది. ఐలమ్మ ఆ సంగంలో చేరింది.

ఆమె మల్లంపల్లి భూస్వాముల వద్ద పొలం కౌలుకు తీసుకొని సాగు చేసుకుంటున్నది. పట్వారీ తన పొలంలో వెట్టిచేయ రమ్మన్నాడు. ఆమె కుటుంబం రామన్నది. ఆ నిరాకరణతోనే విసునూరు దేశముఖు రాపాక రామచంద్రారెడ్డి కన్ను ఆమె పంటపై పడింది. కోర్టు వ్యవహారంలో దేశముఖు నెగ్గలేకపోయాడు. చివరకు పంట కోసుకుపోవడానికి తన మనుషులను పొలం మీదికి తోలాడు. భీమిరెడ్డి నరసింహారెడ్డి ప్రభృతులతో సంగం కార్యకర్తలు కర్రలతో వచ్చి వారిని తరిమారు. ధాన్యం ఐలమ్మ ఇల్లు చేరింది. దేశముఖు పగకు ఆమె ఇల్లు తగలబడింది. కుటుంబం చెప్పరాని హింసల పాలయింది. ఆమె మాత్రం ఊరు విడువలేదు. ఇదే విసునూరు దొర మనుషులు 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపారు. తరువాతి సాయుధ పోరాటం 1951 అక్టోబరు దాకా సాగింది.

"ఐలమ్మ కార్మికురాలు కాదు, తన కమతాన్ని కాపాడుకున్న కౌలురైతు మాత్రమే" అని కొందరు వాదించవచ్చు. ఈ వాదం వరుసను తలక్రిందులు చేస్తున్నది. తగవుకు మూలం భూమి కాదు, కూలిలేని చాకిరి. శ్రమ నాది అన్న స్త్రీయే పంట కూడ నాది అనగలిగింది. వర్గచైతన్యం కర్మాగారపు ద్వారం గుండానే రావాలన్న నియమం లేదు. వేంపల్లె దగ్గర పాపాఘ్ని ఒడ్డున బట్టలుతికిన చేతులకు ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు.

అయితే ఇద్దరి జీవితాలలో ఒక భేదం ఉన్నది. దానిని మనం దాటవేయరాదు. డొలొరెస్‌కు కొద్దిపాటి చదువైనా దక్కింది. కార్మిక పత్రిక ఆమెకు కలమిచ్చింది, పార్టీ ఆమెకు వేదిక ఇచ్చింది. 1962లో తన కథ తానే పుస్తకంగా అచ్చువేయించుకున్నది. ఐలమ్మకు అక్షరం అందలేదు. 1952 ఎన్నికలలో నల్లగొండ ప్రజలు రావి నారాయణరెడ్డిని అఖండమైన ఆధిక్యంతో లోకసభకు పంపారు. ఆలేరు నుండి ఆరుట్ల కమలాదేవి శాసనసభకు వెళ్లింది. వారి త్యాగం సామాన్యమైనది కాదు. కాని ఐలమ్మ పాలకుర్తిలోనే ఉండిపోయింది. 1985 సెప్టెంబరు 10న మరణించింది. ఆమె మాటలను కూడ నమోదు చేసిన స్త్రీశక్తి సంఘటన గ్రంథం 'మనకు తెలియని మన చరిత్ర' వెలువడింది 1986లో.

ఇది వ్యక్తుల దోషం కాదు. భూమి ఉన్న కుటుంబాలకే బడి అందిన సమాజంలో, ఉద్యమ నాయకత్వం సైతం అధికంగా ఆ కుటుంబాల నుండే వచ్చింది. దున్నేవానికి భూమి కావాలన్న ఉద్యమం, ఉతికే చేతికి కలం కావాలన్న సంగతిని అంత గట్టిగా పట్టుకోలేకపోయింది. భూమి పంపకం నెలలలో జరిగింది. అక్షరం పంపకానికి తరాలు పట్టింది.

2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టారు. సంతోషించవలసిన విషయమే. అయితే అక్కడి తరగతి గదులలో ఎందరు చాకలి, మాదిగ, మంగలి ఇండ్ల ఆడపిల్లలు కూర్చుంటున్నారు, కూర్చున్నవారు తమ తల్లుల శ్రమను గూర్చి రాస్తున్నారా - అభ్యుదయ విమర్శ అడగవలసిన ప్రశ్నలివి. ఉపాధ్యాయులుగా, విద్యార్థులుగా మనం చేయగల పని ఒకటున్నది. మన ఊళ్లలో ఇంకా బ్రతికివున్న శ్రామిక వృద్ధుల వద్దకు పోయి, వారి మాటను వారి నుడికారంలోనే రాసిపెట్టాలి. వారు మరణించిన తరువాత విగ్రహాలు ఎవరైనా పెట్టగలరు.