తెలుగు యానిమేషన్‌లో సజీవ జంతుదృశ్యాల వినియోగం: అమీర్‌పేట నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

యానిమేషన్ పాత్రను కదిలించడానికి ప్రాణమున్న జంతువును చిత్రీకరించి పరిశీలించడాన్ని ఆ రంగంలో ‘రిఫరెన్స్’ అంటారు. ఈ వ్యాసంలో దానిని ‘ఆధారదృశ్యం’ అని వ్యవహరించడమైంది. తెలుగు సినిమాలో జంతువు నటించే స్థితి నుంచి ఆధారమయ్యే స్థితికి మారిన క్రమాన్ని ‘ఈగ’ (2012) సాక్ష్యంగా వివరించడం, అమీర్‌పేట, పంజాగుట్టల శిక్షణ సంస్కృతిని ఆ వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆధారదృశ్యం, యానిమేషన్, ఈగ, అమీర్‌పేట, శిక్షణ.

1. ఉపోద్ఘాతం

సినిమా పుట్టకముందే జంతువు కదలిక కెమెరాకు పరిశోధన వస్తువైంది. 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ పరుగెత్తే గుర్రాన్ని వరుస కెమెరాలతో చిత్రీకరించాడు. నాలుగు కాళ్లూ నేలను విడిచే క్షణంలో అవి చిత్రకారులు గీసినట్లు చాచుకొని లేవు. పొట్టకింద ముడుచుకొని ఉన్నాయి. కంటికి అందని సత్యాన్ని దృశ్యం అందించగలదని దీనితో రుజువైంది. తర్వాతి కాలంలో డిస్నీ సంస్థ ‘బాంబి’ (1942) కోసం జింకపిల్లలను స్టూడియోకే తెప్పించి చిత్రకారుల ముందు ఉంచింది.

2. నటన నుంచి ఆధారానికి

1956లో అమీర్‌పేటలో సారథి స్టూడియో ఏర్పడింది. హైదరాబాదులో చిత్రనిర్మాణం వేళ్లూనుకున్న దశాబ్దాలలో తెరపై జంతువు కనిపించాలంటే జంతువునే తీసుకురావలసి వచ్చేది. ‘అడవి రాముడు’ (1977), ‘రాజేంద్రుడు గజేంద్రుడు’ (1993) చిత్రాలలోని ఏనుగులు ఇందుకు నిదర్శనాలు.

1998లో కేంద్రప్రభుత్వం ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహాలకు శిక్షణనిచ్చి ప్రదర్శించడాన్ని నిషేధించింది. 2001లో ప్రదర్శన జంతువుల నమోదు నియమాలు వచ్చాయి. 2011లో ఎద్దు కూడా నిషేధ జాబితాలో చేరింది. ఆ తరువాతి తెలుగు చిత్రాలలో జంతుపాత్రలు క్రమంగా కంప్యూటర్ తెరకు మారడానికి సాంకేతిక ప్రగతితోపాటు ఈ చట్టాలూ కారణమయ్యాయి.

3. ‘ఈగ’: పరిశీలన, పరిమితులు

ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వంలో 2012 జులై 6న విడుదలైన ‘ఈగ’లో కథానాయకుడు ఈగగా పునర్జన్మిస్తాడు. దృశ్యప్రభావాలను ఆర్.సి. కమలకణ్ణన్, మకుట వీఎఫ్ఎక్స్‌కు చెందిన పీట్ డ్రేపర్ పర్యవేక్షించారు. అందుబాటులో ఉన్న చిత్రాలు చాలకపోవడంతో ఈగను సీసాలో పెట్టి, శీతలపేటికలో ఉంచి, అది స్తబ్ధత పొందాక సమీపం నుంచి ఛాయాచిత్రాలు తీశారు.

ఇక్కడ రెండు సమస్యలు గమనించదగినవి. మొదటిది వేగం. ఇంటి ఈగ సెకనుకు సుమారు 200 సార్లు రెక్కలాడిస్తుంది. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములే. అంటే ఒక్క ఫ్రేములో ఎనిమిదికి పైగా రెక్కల ఊపులు కలిసిపోతాయి. మామూలు వేగంతో తీసిన దృశ్యంలో మిగిలేది మసక మాత్రమే. రెండవది భావం. ఈగకు కనురెప్పలు లేవు, కనుపాప లేదు, పెదవులు లేవు. ముఖంలో అధికభాగాన్ని సంయుక్తనేత్రాలే ఆక్రమిస్తాయి. కాబట్టి కోపమైనా ప్రేమైనా ముఖంపై పలికించే వీలు తక్కువ.

ఈగ ముందుకాళ్లను రుద్దుకోవడం సహజప్రవర్తన. అది కాళ్లపై ఉన్న జ్ఞానేంద్రియ రోమాలను శుభ్రపరచుకొనే పద్ధతి. చిత్రంలో భావప్రకటనకు ప్రధానంగా ఆ సన్నని ముందుకాళ్లే సాధనాలయ్యాయి. ముఖాన్ని ప్రేక్షకులకు నచ్చేటట్లు కొంత మార్చారు. అంటే ఆధారదృశ్యాన్ని యథాతథంగా అనుకరించలేదు. దాని నుంచి ఎంచుకొన్నారు. ఈ చిత్రం ఉత్తమ తెలుగు చిత్రంగాను, ప్రత్యేక ప్రభావాల విభాగంలోను 60వ జాతీయ చలనచిత్ర పురస్కారాలు పొందింది.

4. శిక్షణ: సాఫ్ట్‌వేర్, చూపు

మైత్రీవనం పరిసరాలు కంప్యూటర్ శిక్షణకు దేశవ్యాప్తంగా పేరుపొందాయి. అక్కడి నుంచి పంజాగుట్ట వరకు యానిమేషన్ కోర్సులు కూడా విస్తరించాయి. స్వల్పకాలంలో ఉపాధి చూపించవలసిన శిక్షణలో సాఫ్ట్‌వేర్‌కు అగ్రస్థానం దక్కడం సహజం. మాయా వంటి పరికరం కీలును ఎలా తిప్పాలో నేర్పుతుంది. కుక్క లేచేటప్పుడు బరువు ఏ కాలిపై పడుతుందో నేర్పదు. సాఫ్ట్‌వేర్ వెర్షన్లు మారితే పాత నైపుణ్యం విలువ తగ్గుతుంది. చూసే నేర్పు తగ్గదు. 1963 నుంచి నగరంలో నెహ్రూ జంతుప్రదర్శనశాల ఉంది. వీధికుక్కలు, పావురాలు ప్రతి సందులోనూ ఉన్నాయి. పరిశీలన పాఠానికి ఖరీదైన వనరులు అవసరం లేదు.

5. ఉపసంహారం

సజీవ జంతువు తెరపై నుంచి తప్పుకొంది గాని కెమెరా ముందు నుంచి తప్పుకోలేదు. చలిలో స్తబ్ధమైన ఈగ కూడా ఒక విధంగా ఆ చిత్రానికి తన దేహాన్ని ఇచ్చినదే. కాబట్టి ఆధారదృశ్య సేకరణలోని నైతికత చట్టం పేర్కొన్న పెద్ద జంతువులతో ముగిసే ప్రశ్న కాదు. తెరపై కనిపించని ఈ దృశ్యాలను చిత్రప్రతులతో సమానంగా భద్రపరచినప్పుడే తెలుగు యానిమేషన్ చరిత్రకు ప్రాథమిక ఆధారాలు సమకూరుతాయి.