లక్నో చాప, మా పచ్చ టర్ఫ్

పోయిన జుమా నమాజ్ అయ్యాక మా మాకవరపాలెం కుర్రాళ్లు నలుగురు మస్జిద్ మెట్ల దగ్గర నన్ను ఆపారు. చేతిలో చందా పుస్తకం. "చాచా, ప్రాక్టీసుకి పచ్చ టర్ఫ్ వేయిస్తున్నాం. వానొచ్చినా బురద ఉండదు, బంతి ఒకేలా లేస్తుంది" అన్నారు. వాళ్లలో మా భతీజా కూడా ఉన్నాడు. విశాఖపట్నంలో సెలెక్షన్‌కి వెళ్లాలని వాడి ఖ్వాహిష్.

ఒకేలా లేస్తుందన్న మాట దగ్గరే నా దిల్ కొట్టుకుంది.

ప్లాస్టిక్ గడ్డికి పేరొచ్చింది 1966లో. అమెరికాలో హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్ కప్పు కింద ఎండ చాలక అసలు గడ్డి చచ్చిపోతే ఇది పరిచారు. క్రికెట్‌లో మాత్రం నకిలీ నేల అంతకంటే పాతది. కొబ్బరిపీచు చాప, జనపనార చాప. నెల్లిమర్ల, చిట్టివలస మిల్లులు చూసిన మన వైపు వాళ్లకి నార గురించి నేను చెప్పాలా!

1952 అక్టోబర్. పాకిస్తాన్ మొదటి టెస్టులు ఆడటానికి హిందుస్తాన్ వచ్చింది. ఢిల్లీలో ఇన్నింగ్స్ 70 పరుగులతో ఓడింది. మన హైదరాబాద్ ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్ అక్కడ బ్యాటుతో కూడా కమాల్ చేశాడు. హేమూ అధికారితో కలిసి చివరి వికెట్‌కి 109 పరుగులు జోడించాడు. వారం తిరిగేసరికి లక్నో యూనివర్సిటీ గ్రౌండ్. అక్కడ పిచ్ మీద జనపనార చాప. ఫజల్ మహమూద్ 94 పరుగులిచ్చి 12 వికెట్లు తీశాడు. నజర్ మహమ్మద్ మొదటి నుంచి చివరిదాకా నిలబడి 124 కొట్టాడు. ఈసారి ఇన్నింగ్స్ 43 పరుగులతో ఓడింది ఇండియా. హజారే, మన్కడ్ ఆడలేదు, ఇన్సాఫ్‌గా అదీ చెప్పాలి. కానీ నార అల్లిక మీద ఫజల్ కట్టర్ కరిచినట్టు మట్టి మీద కరవదు. చాపని బిగించి మేకులు కొడితే ఒక రకం, వదులుగా పరిస్తే ఇంకో రకం.

1956లో కరాచీ చాప మీద ఆస్ట్రేలియా 80కే ఆలౌట్. ఆ మ్యాచ్‌లో ఫజల్‌కి 13 వికెట్లు. 1959లో అక్కడే చాప మీద ఆటని అమెరికా ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ వచ్చి చూశాడు. తర్వాత పాకిస్తాన్ టెస్టుల్లో చాపలు పోయాయి, మట్టి వికెట్లు వచ్చాయి. పరాయి దేశంలో ఎదురయ్యే నేల ఇంట్లో కూడా ఉండాలి కదా.

నేనూ కొబ్బరి చాప మీద నేర్చుకున్నవాణ్ణే. సెలెక్షన్ రోజు మట్టి వికెట్ మీద మూడో బంతి మోకాలి కిందుగా వచ్చి స్టంపు పడగొట్టింది. అబ్బాకి ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

చందా రాయించాను, ఒక షర్త్ మీద. టర్ఫ్ పక్కనే ఒక మట్టి వికెట్ కూడా ఉండాలి. నీళ్లు తడపాలి, రోలర్ లాగాలి, పగుళ్లొస్తే రానివ్వాలి.

"రోలర్ ఎవరు లాగుతారు చాచా?" అన్నాడు మా భతీజా.

"ఫజర్ అయ్యాక ఖాళీయే కదరా నువ్వు" అన్నాను.