ఓక్లాండ్‌లో ఒక మండువా

కొన్నేళ్ళ క్రితం ఓక్లాండ్‌లో ఒక ప్రాజెక్టు మీద ఉండేవాణ్ణి. మధ్యాహ్నం భోంచేశాక ఓ చుట్టు నడిచొచ్చే అలవాటు. నైన్త్ స్ట్రీట్, వాషింగ్టన్ స్ట్రీట్ కలిసేచోట ఒక పాత మార్కెట్ భవనం ఉంది. ఓ రోజు గేటు ఊచల్లోంచి లోపలికి తొంగిచూశాను (మన అలవాటు ఎక్కడికి పోతుంది!). నడుమ పైకప్పు లేదు. దాన్ని మోసిన ఇనుప చట్రాలు మాత్రం ఆకాశం కింద అలాగే ఉన్నాయి. కింద సన్నటి నడవ, అటూ ఇటూ గుమ్మాలు, పూలకుండీలు. చప్పున మా తెనాలి ఇంటి మండువా గుర్తొచ్చింది.

అది స్వాన్స్ మార్కెట్. 1917లో మొదలై 1940 దాకా విడతలు విడతలుగా పెరిగిన బజారు. జనం శివార్లకీ సూపర్‌మార్కెట్లకీ తరలిపోయాక, 1980ల్లో మూతపడింది. దాన్ని కూల్చకుండా బాగుచేయించింది ఈస్ట్ బే ఏషియన్ లోకల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్. 1975లో చైనాటౌన్‌లో ఒక పాత గిడ్డంగిని నిలబెట్టుకోవడానికి పుట్టిన సంస్థ అది. కొట్లు, తక్కువ ఆదాయం వాళ్ళకి అద్దె ఫ్లాట్లు, వాటితోపాటు ఇరవై ఇళ్ళ కోహౌసింగ్. 2000లో జనం కాపురానికి దిగారు.

కోహౌసింగ్ అంటే ఉమ్మడి కుటుంబం కాదు. ఎవరి ఇల్లు వాళ్ళదే, వంటగదితో సహా. పెద్ద వంటిల్లూ భోజనాల గదీ మాత్రం అందరివీ. వారంలో కొన్ని రాత్రులు వంతులవారీగా వండుకుని కలిసి తింటారు. 1972లో డెన్మార్క్‌లో మొదలైన ఈ పద్ధతిని కాథరిన్ మెకామంట్, చార్లెస్ డ్యూరెట్ అనే ఆర్కిటెక్టు దంపతులు 1988లో పుస్తకం రాసి అమెరికాకి పరిచయం చేశారు. 1991లో డేవిస్‌లో మ్యూర్ కామన్స్‌ని కొత్తగా కట్టారు. ఆ మరుసటేడు ఎమెరీవిల్‌లో పన్నెండు ఇళ్ళు, ఒక పాత ఇటుకల గోడౌన్లో.

ఖాళీ స్థలంలో ఎలాగైనా కట్టుకోవచ్చు. పాత భవనంతో చిక్కేమిటంటే, బజారు కోసం కట్టింది వెడల్పుగా ఉంటుంది, నట్టనడుమ చీకటి. వెలుగు కావాలంటే కప్పు కోయాలి. అంటే అమ్ముకోగలిగిన జాగాని ఆకాశానికి వదిలెయ్యాలి. మన బిల్డర్లకి ఈ మాట చెప్పి చూడండి!

ఆర్కిటెక్టు లేకుండా జరిగిన ముచ్చట ఇంకోటి. 1986లో, అదే డేవిస్‌లో, ఎన్ స్ట్రీట్‌లో పక్కపక్క రెండిళ్ళవాళ్ళు మధ్య కంచె పీకేశారు. తర్వాత చుట్టుపక్కల ఇళ్ళు ఒక్కొక్కటే కలిశాయి.

అదే 1986లో మా నాన్నా బాబాయీ పంపకాలు చేసుకుని మండువాకి అడ్డంగా గోడ కట్టించారు. తులసికోట బాబాయి వైపు పడింది. నాయనమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని వీధి చుట్టూ తిరిగి వెళ్ళేది. ఆ అన్నదమ్ములు మళ్ళీ పక్కపక్కన కూర్చున్నది 2004లో, బిల్డర్ ఆఫీసులో, ఇంటిని అపార్ట్‌మెంట్లకిచ్చే కాయితాల మీద సంతకాలకి.

అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఆ గేటు దగ్గరికి తీసుకెళ్ళాను. మన మండువా పోయింది చూడు, వీళ్ళు కొత్తగా చేసుకున్నారు అని కాస్త బెంగగా చెప్పాను. అమ్మకి బెంగేమీ పుట్టలేదు. పద్ధెనిమిదో ఏట ఆ ఇంటికి కోడలిగా వచ్చి, రెండు పూటలా పద్నాలుగు మందికి వండిన మనిషి. గోడ లేచిన రోజు హాయిగా నిద్రపోయానని మాత్రం ఎప్పుడో ఒకసారి అంది.

"ఇంతమందికీ వండేదెవరురా?"

"వంతులమ్మా. అంట్లు తోమడం కూడా."

"మగాళ్ళకీనా?"

"ఆఁ, అందరికీ."

అమ్మ ఊచలు పట్టుకుని కాసేపు లోపలికి చూసింది.

"అయితే మన ఇల్లు లాంటిదంటావేం?" అంది.