షట్టర్ మోసేది ఎవరు?

తెలంగాణ ఉద్యమం నాటి బంద్ ఫొటోలు తీసి చూడండి. వరంగల్ చౌరస్తా కావచ్చు, హన్మకొండ చౌరస్తా కావచ్చు, వెనకాల కనబడేవి వరసగా దించిన షట్టర్లే. 2011 సెప్టెంబరు 13న మొదలై 42 రోజులు నడిచిన సకల జనుల సమ్మె గురించి పుస్తకాలొచ్చాయి, పాటలొచ్చాయి. షట్టర్ల గురించి ఎవరూ రాయలేదు. రాయాల్సిన సంగతి ఉంది. బంద్ రోజున చిన్న దుకాణాలవాళ్లు పూర్తిగా మూసేవాళ్లూ కాదు, పూర్తిగా తెరిచేవాళ్లూ కాదు. జెండాలు కనబడితే సర్రున కిందికి, ఊరేగింపు మలుపు తిరగగానే నడుము ఎత్తుకు పైకి. ఈ ‘సగం షట్టర్’ వ్యాపారం భారమంతా పైన రేకు కవరులో దాక్కున్న స్ప్రింగుల మీదే పడింది.

ఎంత భారమో లెక్క వేద్దాం. ఒక మిల్లీమీటరు మందం ఉక్కు రేకు చదరపు మీటరుకు 7.85 కిలోలు తూగుతుంది. పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తున్న మడిగెకు 1.2 మిల్లీమీటర్ల పట్టీలు వేస్తే ఉత్త రేకే 70 కిలోలు. ఒక పట్టీ ఇంకో పట్టీలో ఇరుక్కోవడానికి అంచులు వంచుతారు కాబట్టి అసలు బరువు ఇంకా ఎక్కువ. కింద పట్టే కమ్మీ అదనం. అంత బరువును కిరాణా కొట్లో పనిచేసే పద్దెనిమిదేళ్ల పిల్లగాడు ఒంటి చేత్తో లేపుతున్నాడంటే అది వాడి బలం కాదు. రాత్రి షట్టర్ దించినప్పుడు స్ప్రింగ్ చుట్టుకుని బిగుసుకుంటుంది. పొద్దున ఎత్తేటప్పుడు ఆ బిగువే విప్పుకుంటూ బరువును పైకి లాగుతుంది. లాగిన కొద్దీ సాగే స్ప్రింగుకు లెక్క కట్టిన రాబర్ట్ హుక్ 1678లోనే ఈ సూత్రం అచ్చువేయించాడు. వీధి దుకాణాలకు అది దిగిరావడానికి చాలా కాలం పట్టింది. పంతొమ్మిదో శతాబ్దపు లండన్ దుకాణాల్లో చుట్టుకునే తలుపులు కనబడ్డాయి.

అంతకుముందు మన బజార్లలో ఉన్నవి చెక్క పలకలు. గడపకూ పైకమ్మీకీ గాడి ఉండేది. పలకలను ఒక్కొక్కటిగా అందులోకి జరిపి, చివరి పలకకు అడ్డంగా ఇనుప పట్టీ వేసి తాళం పెట్టేవాళ్లు. ఏ పలక తర్వాత ఏది అన్నది మరిచిపోకుండా వాటి మీద అంకెలు వేసుకునేవాళ్లు. తలుపు తీయడం, వేయడం గుమస్తాకు రోజూ ఒక పనిగా ఉండేది. వరంగల్ పెరిగిన తీరు చూస్తే ఆ పద్ధతి ఎంతకాలం సాగగలదో అర్థమవుతుంది. 1889 నాటికి రైలు బెజవాడ దాకా కలిసింది. 1934లో ఆజంజాహి మిల్లు వచ్చింది. పత్తి, మిర్చి, బట్టల వ్యాపారం స్టేషన్ రోడ్డు చుట్టూ అల్లుకుంది. సరుకు విలువ పెరిగితే చెక్క చాలదు, ఇనుము కావాలి. షట్టర్ వాడకం దేశమంతా పాకిన తర్వాత దానికి భారత ప్రమాణమూ వచ్చింది. 1979 నాటి ఐ.ఎస్. 6248 లోహపు రోలింగ్ షట్టర్లకు సంబంధించినదే. కేంద్ర ప్రజాపనుల శాఖ రేట్ల పుస్తకంలో స్ప్రింగ్ పొడవు కూడా రాసి ఉంటుంది: 27.5 సెంటీమీటర్లు, గట్టి ఉక్కు తీగతో చేసింది.

ఆ తీగ ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది. ఎక్కువగా పొద్దున్నే, దుకాణం తీసే వేళకే. టపాసు పేలినట్టు చప్పుడు, ఆ వెంటనే షట్టర్ ఒక పక్కకు ఒరిగిపోవడం. ఒక పక్క స్ప్రింగ్ లాగుతూ ఉంటే ఇంకో పక్క ఉత్త బరువు వేలాడుతుంది కాబట్టి పట్టీలు పక్క గాడిలో ఇరుక్కుంటాయి. బలవంతంగా గుంజితే పట్టీలు వంగి, వందల్లో పోయే ఖర్చు వేలల్లోకి పోతుంది.

స్ప్రింగ్ ఒక్కటి వందల్లోనే దొరుకుతుంది. షట్టర్ సైజును బట్టి రెండో, మూడో, నాలుగో ఉంటాయి. బిల్లులో బరువైన భాగం కూలి. ఒకసారి పని జరిగే చోట నిలబడి చూస్తే అదెందుకో తెలుస్తుంది. మిస్త్రీ, ఇద్దరు హెల్పర్లు వస్తారు. షట్టర్‌ను మోకులతో పైకి కట్టేస్తారు, కింద గుంజలు ఆనిస్తారు. పై కవరు విప్పితే పావురాల పీచు, నల్లటి జిడ్డు, ఏళ్లనాటి దుమ్ము రాలిపడతాయి. స్ప్రింగులున్న పైపు దించి, తెగిన స్ప్రింగ్ తీసి, కొత్తది ఎక్కించి, పైప్ రెంచితో చుట్లు బిగిస్తారు. ఇక్కడే మిస్త్రీ అనుభవం పని చేస్తుంది. ఒక చుట్టు తక్కువైతే షట్టర్ లేవదు, ఎక్కువైతే దించినా నిలవక పైకి ఎగిరిపోతుంది. బిగింపు మధ్యలో రెంచి జారిందా, చేతి ఎముకలే విరుగుతాయి. సగానికి దించి వదిలేస్తే అక్కడే నిలబడాలి, అదీ పరీక్ష.

బేరం మాత్రం తప్పదు.

“ఏందన్నా, ఒక్క స్ప్రింగు పోతే రెండిటికి పైసలడుగుతున్నవ్?”

“రెండూ ఒకేసారి ఏసినయి సేటూ. ఇయ్యాల ఇది తెగింది, రేపు అది తెగుతది. మళ్ల కవరు ఇప్పాలె, మళ్ల ముగ్గురం రావాలె.”

మిస్త్రీ మాటే నిజం. ఒక్కటే మార్పించుకునే సేటు మిగుల్చుకునేది స్ప్రింగ్ ధర, పోగొట్టుకునేది ఇంకో రోజు కూలి.

అమెరికాలో ఇదే స్ప్రింగ్ ఇంటి గరాజ్ తలుపు మీద ఉంటుంది. ఇండియానా రాష్ట్రంలో సి.జి. జాన్సన్ 1921లో పైకెత్తే తలుపు, 1926లో దానికి కరెంటు మోటారు తెచ్చాడు. 1959లో మొదలైన వరంగల్ ఆర్ఈసీలో (ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలలో) చదివి అక్కడ స్థిరపడినవాళ్లకు ఈ గోల బాగా తెలుసు. అక్కడి మామూలు స్ప్రింగ్ ఆయుష్షు పదివేల సార్లు తెరిచి మూయడం. రోజుకు నాలుగుసార్లు కారు తీసేవాళ్లకు ఏడేళ్లలోపే అయిపోతుంది. బాగుచేయిస్తే వందల డాలర్లు, అందులోనూ కూలిదే సింహభాగం. రోజుకు ఒక్కసారి తీసి మూసే మన దుకాణానికి అదే లెక్క కడితే పాతికేళ్లు దాటాలి. దాటదు. దుమ్ము, తుప్పు, చేతికందనంత ఎత్తులో ఉండటం వల్ల గ్రీజు ముట్టని ఏళ్లు, అన్నీ కలిసి ముందే కోసేస్తాయి.

దీనికి తోడు వరదలు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో వరంగల్, హన్మకొండ లోతట్టు కాలనీల్లో నీళ్లు మడిగెల్లోకి వచ్చాయి. నీళ్లు స్ప్రింగు దాకా ఎక్కవు, అడుగు పట్టీల దాకానే. కానీ బురద పక్క గాళ్లలో గట్టిపడుతుంది, కమ్మీ తుప్పుపట్టి ఉబ్బుతుంది, షట్టర్ రాయిడికి బిగుసుకుంటుంది. ఆ అదనపు ఈడ్పుకు స్ప్రింగు నెలల తర్వాత తెగితే వరదను ఎవరూ గుర్తుచేసుకోరు. గాళ్లు కడిగించి గ్రీజు పెట్టించడానికి అయ్యేది చాలా తక్కువ.

గోదాముల వెడల్పాటి షట్టర్లది వేరే కథ. అంత బరువు చేత్తో లేవదు కాబట్టి గొలుసు, గేరు పెడతారు. కొత్త షోరూముల్లో మోటార్లు వచ్చాయి. వాటిలో చాలావాటికి లోపల స్ప్రింగులు ఉండనే ఉంటాయి, తెగితే మోటారు మూలుగుతూ లాగి లాగి కాలిపోతుంది. అప్పుడు మిస్త్రీకి తోడు ఎలక్ట్రీషియన్‌నూ పిలవాలి.