పచ్చ పట్టీ కథ

ఖరగ్‌పూర్ పేరు చెబితే మనవాళ్లకు ముందు రైలు గుర్తొస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఉత్తరాంధ్ర కుటుంబాలు అక్కడి వర్క్‌షాపును నమ్ముకుని వెళ్లి స్థిరపడ్డాయి. అదే ఊళ్లో, ఒకప్పటి హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో 1951లో ఐఐటీ మొదలైంది. తర్వాత గూగుల్ సీఈవో అయిన సుందర్ పిచాయ్ 1993లో అక్కడే లోహశాస్త్రంలో బీటెక్ పూర్తిచేశారు. లోహాలు చదివిన మనిషి వెబ్ పేజీల మార్కుల కథలోకి రావడం విచిత్రమే. అయితే ఆ కథ ఆయనకంటే ముందే మొదలైంది.

1990ల మధ్యలో వెబ్‌ను పట్టిపీడించిన ప్రశ్న ఒకటే: ఇన్ని పేజీల్లో ఏది మంచిదో ఎవరు తేల్చాలి? యాహూ మనుషుల్ని పెట్టి జాబితాలు రాయించింది. పేజీలు పుట్టే వేగాన్ని వాళ్లు అందుకోలేకపోయారు. సెర్చ్ ఇంజిన్లేమో ప్రధానంగా పేజీలోని మాటల్నే నమ్ముకున్నాయి. ఆ కిటుకు పట్టేసిన గడుసువాళ్లు తెల్లటి పేజీ మీద తెల్లరంగులోనే ఒకే మాట వందలసార్లు రాసి పైకెక్కేవారు. అది మన కంటికి ఆనేది కాదు, యంత్రం మాత్రం చదువుకుని మురిసిపోయేది!

స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధక విద్యార్థి లారీ పేజ్ వెతుకులాట యంత్రం కోసం బయల్దేరలేదు. ఒక పేజీకి ఎక్కడెక్కడి నుంచి లింకులు వస్తున్నాయో చూడాలన్నది ఆయన కుతూహలం. ఒక పరిశోధనాపత్రాన్ని ఎందరు ఉదహరించారో లెక్కగట్టే పద్ధతిని యూజీన్ గార్ఫీల్డ్ 1964 నాటికే సూచిక గ్రంథంగా తెచ్చారు. లింకు కూడా అలాంటి సాక్ష్యమే కదా! పెద్దమనిషి సాక్ష్యానికి విలువెక్కువ అన్నట్టు, పేరున్న పేజీ ఇచ్చే లింకుకు ఎక్కువ బరువు. సెర్గీ బ్రిన్‌తో కలిసి ఆయన 1996లో 'బ్యాక్‌రబ్' నడిపారు. ఆ లెక్కకు పేజ్‌ర్యాంక్ అని పేరుపెట్టారు. 1998లో అదే గూగుల్ సంస్థ అయింది. తర్వాత ఎక్సైట్ అనే మరో వెబ్ సంస్థకు అమ్మజూపితే వాళ్లు వద్దన్నారు. ఆ బేరం తెగి ఉంటే ఈ కథ మరోలా నడిచేది.

2000 డిసెంబరులో గూగుల్ టూల్‌బార్ వచ్చింది. బ్రౌజరు పైభాగాన చిన్న పచ్చ పట్టీ, అందులో పేజీకి సున్నా నుంచి పది దాకా పేజ్‌ర్యాంక్ మార్కులు. 2004లో గూగుల్‌లో చేరిన పిచాయ్ మొదట్లో చూసిన పనుల్లో ఈ టూల్‌బార్ ఒకటి.

మార్కు కంటికి కనిపించగానే బజారు లేచింది. నాలుగున్న పేజీలో లింకుకు ఒక ధర, ఏడున్న పేజీలో ఇంకో ధర. పేజీ బాగుచేసుకోవడం మానేసి పట్టీని సాగదీయడమే కొందరికి వృత్తి అయింది.

2011లో గూగుల్ ఇంకో దారి తొక్కింది. ఈ సైటును నమ్మి క్రెడిట్ కార్డు వివరాలిస్తారా, ఇందులో చెప్పిన మందు పిల్లలకు వేస్తారా అని మనుషుల్ని అడిగారు. ఆ జవాబులకు తగ్గట్టు యంత్రం తీర్పు చెప్పేలా చేయడం చిక్కుముడి. అది విప్పడంలో కీలకమైన ఇంజినీరు ఇంటిపేరు పాండా. ఆ మార్పునూ పాండా అనే పిలిచారు. అమెరికాలో సుమారు 12 శాతం వెతుకులాటల ఫలితాలు తారుమారయ్యాయి. పచ్చ పట్టీని 2016లో తీసేశారు. అప్పటికి పిచాయ్ గూగుల్ సీఈవో.

ఒంటి అంకె పోయింది, కారణాలు చెప్పే డాష్‌బోర్డులు నిలిచాయి. 2005లో సైట్‌మ్యాప్స్‌గా మొదలైన గూగుల్ పనిముట్టు 2015కల్లా సెర్చ్ కన్సోల్ అయింది. పిచాయ్ పట్టుబట్టి తెచ్చిన క్రోమ్ బ్రౌజరులోకి 2017లో లైట్‌హౌస్ అనే పరీక్ష చేరింది. అది పేజీకి వందకు మార్కులేస్తుంది. తొంభై, ఆపైనైతే పచ్చ, యాభైలోపైతే ఎరుపు. కింద ఏ బొమ్మ బరువై పేజీని ఆలస్యం చేస్తోందో పేరుతో సహా చూపిస్తుంది. అయితే అది రాతలోని నిజానిజాలు చూడదు. నూటికి నూరొచ్చిన పేజీలోనూ చెత్త ఉండొచ్చు.

మీకో సైటుంటే క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో లైట్‌హౌస్ తెరిచి ఒకసారి నడపండి. పైనున్న అంకెను వదిలేసి, కిందున్న ఎర్ర గుర్తుల నుంచి చదవండి.