ఉత్తరాంధ్రలో మాస్టార్ల శిక్షణ

1996లో డీపీఈపీ (జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం) పథకం రాష్ట్రంలో మొదట అడుగుపెట్టిన ఐదు జిల్లాల్లో విజయనగరం ఒకటి. శ్రీకాకుళం వంతు రెండో దశలో వచ్చింది. కాబోయే టీచర్ల కోసం శ్రీకాకుళం జిల్లాలో వమరవల్లి డైట్ (జిల్లా విద్యా శిక్షణ సంస్థ) ఉన్నా, అప్పటికే బడిలో పాఠం చెబుతున్నవారికి చేదోడుగా మండల రిసోర్స్ పర్సన్ల వ్యవస్థ బలపడింది ఈ పథకంతోనే. బోధనోపకరణాలకు టీచరుకు ఏడాదికి 500 రూపాయలు ఇచ్చేవారు. ఆ రోజుల్లో తరగతి గది టెక్నాలజీ అంటే చింతపిక్కలు, అట్టముక్కలు, చార్టులే. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒకరు పిల్లలకు నమూనా పాఠం చెబితే, వెనక బెంచీల్లో కూర్చున్న తోటివారు నోట్సు రాసుకుని, ఆనక లోటుపాట్లు విప్పి చెప్పేవారు. మొహమాటం లేనిచోట ఇంతకుమించిన శిక్షణ లేదు.

2017లో ఆన్‌లైన్ పాఠాల వేదిక ‘దీక్షా’ వచ్చింది. పాఠ్యపుస్తకాల్లోకి క్యూఆర్ కోడ్‌లు చేరాయి. 2020 నుంచి టీచర్లకు శిక్షణనిచ్చే ‘నిష్ఠ’ కోర్సులూ ఆన్‌లైన్‌కు మారాయి. చివరి పరీక్ష గట్టెక్కితేనే సర్టిఫికెట్. దాంతో శిక్షకుల పనిలో లాగిన్ చేయించడం, వీడియో దింపి ఇవ్వడం కూడా కలిశాయి. సీతంపేట ఏజెన్సీలాంటి చోట్ల సిగ్నల్ వెతుక్కోవడం అదనం. 2023లో ‘నాడు-నేడు’ పథకం కింద బాగుచేసిన బడుల గోడలకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు ఎక్కాయి. అయితే ఆన్‌లైన్ పరీక్ష జవాబులనే దిద్దుతుంది. ప్యానెల్ ముందు పాఠం ఎలా సాగిందో చూసేది ఇప్పటికీ కాంప్లెక్స్ సమావేశమే.